3000 సెల్ 3400 సెల్‌ని ఎలా దాటింది? టార్చిలైట్ లిథియం సెల్స్‌లో పాతవి, కొత్తవి

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను టైమ్‌లో చెన్నైలో మా మడిపాక్కం వీధికి రెండు రోజుల పైన కరెంటు లేదు, పార్కింగ్‌లో మోకాళ్ళ దాకా నీళ్ళు, లిఫ్ట్ ఆగిపోయింది, ఫోన్లు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. రాత్రి మెట్ల మీద నేనూ కింది వాటాలో ఉండే నెల్లూరు అంకులూ టార్చిలు పట్టుకుని కూర్చున్నాం. ఇద్దరివీ ఒకే మోడల్ టార్చి, ఆయన చేత కొనిపించింది నేనే. పది నిమిషాలకోసారి వీధి చివర నీళ్ళు ఎంత దాకా వచ్చాయో చూడ్డానికి హైలో వేస్తున్నాం, నాది బానే వెలుగుతోంది, ఆయనది మాత్రం హైలో పెట్టిన రెండు మూడు నిమిషాలకే మీడియంకి పడిపోతోంది, ఆపి కాసేపాగి వేస్తే మళ్ళీ వెలుగుతోంది, మళ్ళీ పడిపోతోంది.

"ఏంది అబ్బయ్యా, నా సెల్ మీద 3400 అని రాసుండాది, నీదాని మీద 3000 అనే కదా ఉండేది, మరి నాదే ముందు డల్ అయిపోతా ఉండాదే?" అన్నారు.

చాలా సరైన ప్రశ్న అది. అంకుల్ సెల్ నకిలీది కాదు, ఒరిజినలే, రాసిన 3400 కూడా అబద్ధం కాదు. ఇంకో విషయం, తెల్లారుజామున ఇద్దరం లో మోడ్‌లోకి వచ్చేశాక ఆయనదే నాకంటే ఎక్కువసేపు వెలిగింది. అంటే ఒకే సెల్ ఒక మోడ్‌లో ఓడిపోయి ఇంకో మోడ్‌లో గెలిచింది. ఈ చిక్కుముడి విప్పితే పాత లిథియం సెల్స్‌కీ కొత్తవాటికీ తేడా ఏంటో దాదాపు మొత్తం అర్థమైపోతుంది, ఎందుకంటే అందరూ చూసే ఎంఏహెచ్ నంబర్‌లో, అంటే సెల్‌లో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే ఆ 3000, 3400లో లేదు ఆ తేడా, పెద్ద కరెంట్ లాగినప్పుడు సెల్ వోల్టేజ్ ఎంత నిలబడుతుంది అనేదాంట్లో ఉంది.

ముందు పేర్ల సంగతి చూసేద్దాం. 18650 అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు, చివర సున్నా అంటే గుండ్రటి గొట్టం ఆకారం. 21700 అంటే 21 లావు, 70 పొడుగు. ఇవి సైజులు, అంతే. కెమిస్ట్రీ ఏంటి, ఎంత కరెంట్ ఇస్తుంది అనేది సైజు పేరు చెప్పదు. అందుకే "18650 పాతది, 21700 కొత్తది" అని గీత గీసేస్తే సగమే కరెక్ట్, 18650లోనే నిన్న మొన్న వచ్చిన మంచి సెల్స్ ఉన్నాయి, 21700లోనూ హైలో నీరసంగా ఉండేవి ఉన్నాయి.

లిథియం అయాన్ సెల్‌ని మొదట మార్కెట్‌లోకి తెచ్చింది సోనీ, 1991లో. మొదట్లో వచ్చిన 18650ల కెపాసిటీ 1500 ఎంఏహెచ్ లోపే ఉండేది. తర్వాత లాప్‌టాప్‌ల పుణ్యమా అని 2200, 2600 దాకా పెరిగింది, చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో పాత లాప్‌టాప్ ప్యాక్‌లు విప్పి అమ్మే సెల్స్ ఎక్కువగా ఆ కాలానివే. వాటిలో లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ వాడేవారు. అది కెపాసిటీ బాగానే ఇస్తుంది కానీ పెద్ద కరెంట్ లాగితే ఇబ్బంది పడుతుంది, బాగా వేడెక్కితే కంట్రోల్ తప్పే గుణం కూడా దానికి ఎక్కువే, 2006లో లాప్‌టాప్ బ్యాటరీలు లక్షల్లో వెనక్కి తీసుకున్న గొడవ ఆ తరం సెల్స్‌తోనే వచ్చింది. తర్వాత నికెల్ ఎక్కువ, కోబాల్ట్ తక్కువ ఉండే రకాలు వచ్చాయి, పానసోనిక్ ఎన్‌సీఆర్18650బీ లాంటి 3400 సెల్ ఆ దారిలో వచ్చిందే, అంకుల్ సెల్ కూడా ఆ తరహాదే.

ఇప్పుడు అసలు సంగతి, సెల్ లోపల ఏముంది?

తాపేశ్వరం మడత కాజా గుర్తు తెచ్చుకోండి, పొర మీద పొర చుట్టి చుట్టి ఉంటుంది కదా, సెల్ లోపల కూడా అంతే. ఒక పక్క అల్యూమినియం రేకు, దాని మీద పాజిటివ్ మసాలా పూత, ఇంకో పక్క రాగి రేకు, దాని మీద గ్రాఫైట్ పూత, రెండూ తగలకుండా మధ్యలో పల్చటి సెపరేటర్, అంతా కలిపి గట్టిగా చుట్టి డబ్బాలో పెట్టి ద్రవం పోసి సీల్ చేస్తారు. కెపాసిటీ ఆ పూతలో ఉంటుంది, రేకులు కరెంట్ మోసే రోడ్లు మాత్రమే. డబ్బా సైజు మారదు కాబట్టి కంపెనీ ముందు రెండు దారులు ఉంటాయి. పూత మందంగా వేస్తే రేకు చుట్లు తగ్గుతాయి, మసాలా ఎక్కువ పడుతుంది, ఎంఏహెచ్ పెరుగుతుంది. పూత పల్చగా వేస్తే చుట్లు పెరుగుతాయి, రేకే చాలా చోటు తినేస్తుంది, ఎంఏహెచ్ తగ్గుతుంది, కానీ లిథియం అయాన్లు నడవాల్సిన దూరం తగ్గి, పూత వైశాల్యం పెరిగి కరెంట్ హాయిగా బయటికొస్తుంది. దిబ్బరొట్టెకీ పేపర్ దోశకీ తేడా లాంటిది, ఒకే పిండే, దిబ్బరొట్టెలో పిండి ఎక్కువ పడుతుంది కానీ లోపలి దాకా వేడి వెళ్ళడానికి టైమ్ కావాలి, తొందరపెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

అంకుల్ 3400 సెల్ దిబ్బరొట్టె. నాది శామ్‌సంగ్ 30క్యూ, 3000 ఎంఏహెచ్, కంటిన్యూయస్‌గా 15 ఆంపియర్లు ఇవ్వగలదని కంపెనీ రేటింగ్. పల్చటి పూత వైపు ఎక్కువ మొగ్గిన సెల్ అన్నమాట.

దీన్ని లెక్కలో చూస్తే ఇంకా తేలిక. ప్రతి సెల్‌కీ లోపల కొంత రెసిస్టెన్స్ ఉంటుంది, కరెంట్ లాగినంతసేపూ ఆ రెసిస్టెన్స్ కొంత వోల్టేజ్‌ని లోపలే మింగేస్తుంది. మంచి కొత్త సెల్‌కి 25 మిల్లీ ఓమ్‌లు అనుకుందాం, ఏళ్ళు గడిచి ముసలిదైన సెల్‌కి 100 అనుకుందాం (అంకుల్‌ది అలాంటిదే, ఆ కథ చివర్లో చెప్తా). టార్చి హైలో 5 ఆంపియర్లు లాగుతోంది. కొత్తదాంట్లో పోయేది 0.125 వోల్ట్, ముసలిదాంట్లో పోయేది 0.5 వోల్ట్. సెల్ ఫుల్‌గా ఉన్నప్పుడు 4.2 వోల్టులు కాబట్టి ఈ తేడా పెద్దగా కనపడదు. కొంచెం వాడాక సెల్ ఊరికే ఉన్నప్పుడు 3.5 దగ్గర ఉందనుకోండి, అప్పుడు ముసలిదాన్ని హైలో వేయగానే టార్చికి అందేది 3.0. తెల్ల ఎల్ఈడీ గట్టిగా వెలగాలంటే దానికే సుమారు 3 వోల్టులు కావాలి, ఆ పైన చాలా టార్చిల్లో సర్క్యూట్ 3.0 దగ్గరే సెల్ అయిపోయిందనుకుని వెలుగు తగ్గించేస్తుంది. సెల్‌లో ఛార్జ్ ఇంకా మిగిలే ఉంది, బయటికి రావడానికి దారి ఇరుకైంది, అంతే. స్విచ్ ఆపితే కరెంట్ ఆగుతుంది, వోల్టేజ్ మళ్ళీ 3.5 కి లేస్తుంది, మళ్ళీ వేస్తే వెలుగుతుంది, మళ్ళీ కూలబడుతుంది. ఆ రాత్రి మెట్ల మీద మేం చూసింది సరిగ్గా ఇదే.

మరి లో మోడ్‌లో? అక్కడ లాగేది 0.1 ఆంపియర్ లాంటిది. 100 మిల్లీ ఓమ్‌లు ఉన్నా పోయేది 0.01 వోల్ట్, లెక్కలోకే రాదు. అప్పుడు ఎవరి దగ్గర ఎంత నిల్వ ఉంది అన్నదే మిగిలే ప్రశ్న, పైగా హైలో వాడుకోలేక మిగిలిపోయినదంతా అంకుల్ సెల్‌లో అలాగే ఉంది, అందుకే తెల్లారే దాకా వెలిగింది.

లోపల మింగేసిన ఆ వోల్టేజ్ ఎక్కడికీ పోదు, వేడిగా మారుతుంది, అది కూడా ముఖ్యమే. అదే లెక్కలో ముసలి సెల్ లోపల 2.5 వాట్ల వేడి, కొత్తదాంట్లో 0.6 వాట్. టార్చి ఎలాగూ ఎల్ఈడీ వేడితో కాలిపోతుంటుంది, దానికి ఇది తోడు, ఆ వేడికి సెల్ ఇంకా తొందరగా ముసలిదవుతుంది.

ఇక 21700 దగ్గరికి వద్దాం. ఈ సైజుకి ఊపు వచ్చింది కార్ల వల్ల. టెస్లా 2008లో తెచ్చిన రోడ్‌స్టర్‌లో 6,831 సెల్స్ ఉండేవి, అన్నీ 18650లే. 2017లో మోడల్ 3 కి వచ్చేసరికి 21700కి మారారు, సెల్స్ సంఖ్య తగ్గుతుంది, అతకాల్సిన జాయింట్లు తగ్గుతాయి, ఖర్చు తగ్గుతుంది. కార్ల కోసం, ఆ తర్వాత డ్రిల్లింగ్ మెషీన్లు, ఈ-బైక్‌ల కోసం కోట్లలో తయారవుతున్న సైజు కాబట్టి టార్చి వాళ్ళకీ తక్కువ ధరలో దొరకడం మొదలైంది. నిజం చెప్పాలంటే టార్చిల కోసమే ఎవరూ కొత్త సెల్ కనిపెట్టలేదు, పెద్ద పరిశ్రమలు వండుకున్నదాంట్లో మనకి వడ్డించేది మనం తింటున్నాం.

సైజు చూడ్డానికి కొంచెమే పెరిగినట్టుంటుంది, కానీ ఘనపరిమాణం లెక్కేస్తే 18650 సుమారు 16.5 ఘన సెంటీమీటర్లు, 21700 సుమారు 24.2, అంటే దాదాపు 47 శాతం ఎక్కువ. ఆ 47 శాతంలో చాలా భాగం పని చేసే పూతకే దొరుకుతుంది కాబట్టి ఇందాక చెప్పిన దిబ్బరొట్టె-దోశ బేరం కొంచెం సడలుతుంది. 18650లో "3500 కావాలా, 15 ఆంపియర్లు కావాలా, ఒకటి ఎంచుకో" అనే పరిస్థితి, 21700లో మోలిసెల్ పీ42ఏ తీసుకుంటే 4200 ఎంఏహెచ్, 45 ఆంపియర్ల రేటింగ్, రెండూ కలిసి వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన పీ45బీ 4500, పీ50బీ 5000. అయితే 21700లో కూడా దిబ్బరొట్టెలు ఉన్నాయి, శామ్‌సంగ్ 50ఈ ఉంది చూశారూ, 5000 తరగతి సెల్, కానీ రేటింగ్ 10 ఆంపియర్ల లోపే. మామూలు టార్చికి అది బంగారం లాంటి సెల్, 20 ఆంపియర్లు లాగే దానికి మాత్రం పనికిరాదు.

కొత్తవాటిలో ఇంకో మార్పు గ్రాఫైట్‌లో సిలికాన్ కలపడం. గ్రాఫైట్ సిద్ధాంతపరంగా గ్రాముకి 372 ఎంఏహెచ్ లిథియం పట్టుకుంటుంది, సిలికాన్ 3500 పైన. వినగానే అయితే మొత్తం సిలికానే పెట్టొచ్చు కదా అనిపిస్తుంది, కానీ లిథియం నిండితే సిలికాన్ సుమారు మూడు రెట్లు ఉబ్బుతుంది, ఖాళీ అయితే కుదించుకుంటుంది, ఆ ఉబ్బడం కుదించుకోవడంలో పగిలిపోతుంది, అందుకే కొంచెం కొంచెమే కలుపుతారు. టార్చి వాడేవాళ్ళకి ఇక్కడ ఒక మెలిక ఉంది, ఇది ఎవరూ చెప్పరు. సిలికాన్ కలిపిన సెల్ ఇచ్చే కెపాసిటీలో చెప్పుకోదగ్గ భాగం 3 వోల్టుల కింద ఉంటుంది, కంపెనీ షీట్‌లో టెస్ట్ కూడా చిన్న కరెంట్‌తో 2.5 దాకా దింపి చేస్తారు. మన టార్చి 3.0 దగ్గరే ఆపేస్తే ఆ కింది భాగం మనకి అందదు, డబ్బులు మాత్రం దానికీ కట్టాం. అందుకే నేను ఎంఏహెచ్ చూసినంతగా టార్చి ఎక్కడ కట్ అవుతుందో కూడా చూస్తాను.

అన్నిటికంటే కొత్తది ట్యాబ్‌లెస్. పాత పద్ధతిలో అంత పొడుగు రేకుకి ఒకటి రెండు చోట్ల చిన్న లోహపు పట్టీ అతికిస్తారు, కరెంట్ అంతా రేకు పొడుగునా నడిచొచ్చి ఆ ఒక్క పట్టీలోంచే బయటికి రావాలి, కల్యాణమండపానికి ఒకటే గుమ్మం ఉన్నట్టు. ట్యాబ్‌లెస్‌లో రేకు అంచు మొత్తాన్ని మూతకి కలిపేస్తారు. టెస్లా 2020 సెప్టెంబర్‌లో 4680 అనే ఇంకా పెద్ద సెల్‌ని ఈ పద్ధతితో చూపించాక ఈ మాట అందరికీ తెలిసింది, ఇప్పుడు 21700లో కూడా 4000 ఎంఏహెచ్, 70 ఆంపియర్లు అని రాసినవి వస్తున్నాయి. ఇంజినీరింగ్‌గా నాకు చాలా ఇష్టమైన మార్పు ఇది. కానీ టార్చికి అంత అవసరం లేదని నా అభిప్రాయం. అరచేతిలో పట్టే టార్చి 20 వాట్లు నిమిషాల తరబడి మోయడమే కష్టం, ఒళ్ళు కాలిపోయి అదే తగ్గించుకుంటుంది, మరి 70 ఆంపియర్లు ఎక్కడ వాడతాం? ఆ సెల్స్ డ్రిల్లింగ్ మెషీన్ల కోసం.

ఏ సెల్ కొనాలనేది మీ టార్చి లోపల ఉన్న డ్రైవర్‌ని, అంటే సెల్ నుంచి ఎల్ఈడీకి వెళ్ళే కరెంట్‌ని అదుపు చేసే సర్క్యూట్‌ని బట్టి ఉంటుంది. కొన్ని టార్చిలు సెల్‌ని దాదాపు నేరుగా ఎల్ఈడీకి కలిపేస్తాయి, వీటిలో హై డ్రెయిన్ సెల్, అంటే పెద్ద కరెంట్ ఇవ్వగల సెల్ వేస్తే వెలుగు నిజంగానే పెరుగుతుంది, వేడి కూడా పెరుగుతుంది, కంపెనీ ఏ సెల్ వాడమందో చూసి వేయండి. కొన్నిటిలో 6 లేదా 12 వోల్టుల ఎల్ఈడీ ఉండి సెల్ వోల్టేజ్‌ని పెంచి ఇచ్చే బూస్ట్ డ్రైవర్ ఉంటుంది, ఇవి సెల్ చివరి దాకా ఒకే వెలుగు ఇస్తాయి, వినడానికి బాగుంది కానీ సెల్ వోల్టేజ్ తగ్గేకొద్దీ లాగే కరెంట్ పెరుగుతుంది. 20 వాట్లకి 4.1 వోల్టుల దగ్గర 4.9 ఆంపియర్లు చాలు, 3.2 దగ్గరికి వచ్చేసరికి 6.25 కావాలి. అంటే సెల్ నీరసపడ్డాకే బరువు ఎక్కువ పడుతుంది, ముసలి సెల్ అయితే ఇక్కడ టప్పున ఆరిపోతుంది. వోల్టేజ్‌ని తగ్గించి మాత్రమే ఇవ్వగల బక్ లేదా లీనియర్ డ్రైవర్ ఉన్నవి నెమ్మదిగా డల్ అవుతాయి, ఇంట్లో పెద్దవాళ్ళు వాడే టార్చికి నేనైతే ఇదే మంచిదంటాను, చెప్పి మరీ ఆరిపోతుంది కదా.

సైజు సంగతి కూడా మర్చిపోకండి. 18650 గొట్టంలో 21700 పట్టదు, 21700 గొట్టంలో 18650ని మాత్రం స్లీవ్ పెట్టి వాడుకోవచ్చు. ప్రొటెక్షన్ బోర్డ్ (సెల్‌ని కాపాడే చిన్న సర్క్యూట్) ఉన్న సెల్ మామూలుదానికంటే నాలుగైదు మిల్లీమీటర్లు పొడుగు, కొన్ని టార్చిల్లో, పాత ఛార్జర్లలో అది పట్టదు. రెండు సెల్స్ వరసగా వేసే టార్చి ఉంటే మాత్రం ఒకటి పాతది ఒకటి కొత్తది కలపకండి, బలహీనమైనది ముందు ఖాళీ అయి, రెండోది దాన్ని ఉల్టా తోయడం మొదలుపెడుతుంది, లిథియంతో అది నిప్పుతో పని. ఈ ఒక్క భయం పోవడానికైనా రెండు 18650ల టార్చి బదులు ఒక్క 21700 టార్చి తీసుకోమంటాను.

కొనేటప్పుడు, రిచీ స్ట్రీట్‌లో అయినా ఆన్‌లైన్‌లో అయినా, 9900 ఎంఏహెచ్ అని రాసిన 18650 కనపడితే చేత్తో కూడా ముట్టుకోవద్దు. ఆ సైజులో నిజమైన సెల్స్ ఏళ్ళ తరబడి 3500, 3600 దగ్గరే ఆగాయి, ఈమధ్యే 4000 రాసినవి కొన్ని వచ్చాయి. 9900 పట్టే కెమిస్ట్రీ ఇంకా ఈ భూమ్మీద లేదు. వంటింటి డిజిటల్ కాటా ఉంటే బరువు చూడండి, అసలైన 18650 45 నుంచి 50 గ్రాములు, 21700 సుమారు 70 గ్రాములు తూగుతుంది, 30 గ్రాములే ఉందంటే లోపల ఏం పెట్టారో ఆలోచించుకోండి. మన దేశంలో లిథియం సెల్స్‌కి ఐఎస్ 16046 అనే భారత ప్రమాణం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి, లేబుల్ మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉందేమో చూడండి. వీటితో పాటు తయారైన తేదీ అడగండి, నా దృష్టిలో మోడల్ పేరు కంటే ఇదే ముఖ్యం.

ఎందుకంటే సెల్ వాడకపోయినా ముసలిదవుతుంది. గ్రాఫైట్ మీద ఒక సన్నటి పొర ఏళ్ళ తరబడి పేరుకుంటూ ఉంటుంది, కొంత లిథియంని తినేస్తుంది, రెసిస్టెన్స్ పెంచుతుంది. ఈ పనిని తొందరపెట్టేవి రెండు, ఫుల్ ఛార్జ్, వేడి. చెన్నైలో రెండూ ఇట్టే దొరుకుతాయి. అంకుల్ సెల్ కథ కూడా అదే, ఐదేళ్ళు 4.2 దాకా నింపి, పడమటి ఎండ పడే కిటికీ పక్కన అల్మరా మీద పెట్టారు, "ఎప్పుడన్నా పనికొస్తాదిలే" అని. జాగ్రత్త అనుకునే చేశారు, చాలామంది ఇళ్ళల్లో అలాగే చేస్తారు, ఎమర్జెన్సీకి నింపి ఉంచాలనే కదా అనుకుంటాం. కానీ సగం ఛార్జ్, అంటే 3.7, 3.8 వోల్టుల దగ్గర, ఇంట్లో చల్లటి మూల పెట్టి, నుంగంబాక్కం వాతావరణ కేంద్రం నుంచి తుఫాను హెచ్చరిక రాగానే నింపుకుంటే సెల్ ఎన్నో ఏళ్ళు నిలుస్తుంది. మే నెలలో ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డ్‌లో టార్చి వదిలేయొద్దు. ఛార్జింగ్ కూడా 45 డిగ్రీల లోపే చేయాలి, హైలో వాడి కాలుతున్న సెల్‌ని వెంటనే ఛార్జర్‌లో పెట్టకుండా చల్లారనివ్వండి.

తుఫాను అయ్యాక అంకుల్‌కి ఒక 21700 టార్చి తెప్పించా, 50ఈ రకం సెల్‌తో, ఆయన వాడకానికి 10 ఆంపియర్లు ఎక్కువే. పాత 3400 సెల్‌ని పారేయబోతుంటే నేనే ఆపి ఛార్జర్‌లో టెస్ట్ చేశా, చిన్న కరెంట్‌తో ఇంకా 2600 చూపించింది. ఇప్పుడది వాళ్ళ పూజగది పక్కన లో మోడ్‌లో మాత్రమే వాడే చిన్న టార్చిలో ఉంది. దాని ప్లాస్టిక్ తొడుగు చిరిగినా, ఎప్పుడైనా 2.5 వోల్టుల కిందకి పడిపోయినా ఇక ఛార్జ్ పెట్టొద్దని చెప్పా. అప్పుడు రెండు కొసలకీ టేప్ చుట్టి నాకిస్తే చెత్తబుట్టలో కాకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చి వస్తాను.